పెద్దకోడలు వెనక్కి వెళ్ళిన సోమవారం

ఆ సీరియల్ రాసేవాళ్ళెవరో గానీ, వాళ్ళని పట్టుకొచ్చి ఒక్క వారం ఈ లాండ్రీలో పడేయాలని రేడియో అక్కకి చాలాసార్లు అనిపించింది. ఆసుపత్రి దుప్పట్లు ఉడికే పెద్ద మెషిను పక్కన నిలబెడితే మరకంటే ఏమిటో, అది వదలడానికి ఎన్ని నీళ్ళు, ఎంత వేడి కావాలో వాళ్ళకి తెలిసొస్తుంది. నాలుగేళ్ళు పెళ్ళాన్ని గొడ్డుని బాదినట్టు బాదినవాడు ఒక ఆపరేషనుతో, రెండు కన్నీటి చుక్కలతో కడిగిన ముత్యమైపోతాడని రాసేవాళ్ళు జన్మలో ఒక్క గుడ్డ ఉతికుండరు.

రేడియో అక్క అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎనిమిదేళ్ళుగా అందరికీ ఆమె రేడియోనే, సూపర్‌వైజరుకి కూడా. దానికో కారణం ఉంది. లాండ్రీలో మెషిన్లు మధ్యాహ్నం ఆపడానికి వీల్లేదు, అందుకని భోజనాలకి రెండు జట్లు. మొదటి జట్టు ఒంటిగంటకి తింటుంది, రెండోది ఒకటిన్నరకి. భోజనాల గదిలో గోడకి ఒక టీవీ. సీరియల్ సరిగ్గా ఒంటిగంటకి మొదలై ఒకటిన్నరకి అయిపోతుంది. రెండో జట్టు వాళ్ళు చేతులు కడుక్కుని కూర్చునేసరికి తెర మీద పళ్ళపొడి ప్రకటన తప్ప ఏమీ మిగలదు. వాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు? అందుకే చూసినవాళ్ళు చూడనివాళ్ళకి కథ చెప్పే అలవాటు పుట్టింది, ఆ చెప్పే పని రేడియో అక్క నోటికి అతుక్కుపోయింది.

చెప్పేది మడతల బల్ల దగ్గర. పెద్ద దుప్పటి మడవడం ఇద్దరి పని. చెరో అంచు పట్టుకుని దూరంగా నిలబడి దులుపుతారు, సగానికి మడుస్తారు, నడుచుకుంటూ దగ్గరకొచ్చి ఒకరి కొసలు ఇంకొకరికి అందిస్తారు, మళ్ళీ దూరం జరుగుతారు. కథ కూడా ఆ అడుగులకి తగ్గట్టే నడిచేది. అత్తగారి శాపనార్థాలూ, కోర్టు గదిలో కేకలూ దూరంగా ఉన్నప్పుడు, గొంతెత్తి, బల్ల దగ్గరున్న ఆరుగురికీ వినపడేట్టు. పడగ్గది మాటలూ, కడుపులో దాచుకున్న రహస్యాలూ దగ్గరకొచ్చినప్పుడు, గుసగుసగా. ఆ గుసగుసల కోసం మిగతా నలుగురూ దుప్పట్లు వదిలేసి మెడలు చాచేవాళ్ళు, సూపర్‌వైజరు దగ్గేవాడు.

ఆమెకి ఒకటే నియమం. ఉప్పూ కారం ఎంతైనా దట్టిస్తుంది గానీ జరిగింది మాత్రం మార్చదు. పాత్ర చస్తే చచ్చిందనే చెబుతుంది, వినేవాళ్ళు ఏడ్చినా సరే.

సీరియల్‌లో మనుషులకి పేర్లున్నాయి గానీ లాండ్రీలో ఎవరూ వాటిని వాడరు. కథంతా పెద్దకోడలిది. నాలుగేళ్ళు ఆవిడ మొగుడి చేత దెబ్బలు తింది, అత్త చేత మాటలు పడింది. ఇక్కడ వీళ్ళందరూ ఆవిడతో పాటు పళ్ళు కొరుక్కున్నారు. కిందటేడు ఒకరోజు, విరిగిన మణికట్టుకి కట్టు కట్టుకుని, ఒక్క సంచీతో ఆవిడ ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర పని సాగితే ఒట్టు. స్టీమ్ ఇస్త్రీ దగ్గర పనిచేసే ఇస్త్రీ వదిన, ఎన్నడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి, మెషిను ఆపేసి మరీ చప్పట్లు కొట్టింది. ఆ ఎపిసోడ్‌ని రేడియో అక్క చేత మూడు రోజులు వరసగా చెప్పించుకున్నారు.

ఆ తరవాతే పట్టింది దరిద్రం. పాత రైటర్ని తీసేశారట, ఇప్పుడు నలుగురు కలిసి రాస్తున్నారట. ఈ కబురు మోసుకొచ్చింది వ్యాను డ్రైవరు. హోటళ్ళ నుంచి మురికి బట్టలు తెచ్చి ఉతికినవి తీసుకెళ్ళే మనిషి, తను సీరియల్ చూడనంటాడు, భోజనం చేస్తుంటే కళ్ళ మీద పడుతుందంటాడు, అన్ని ఎపిసోడ్లూ నోటికి చెబుతాడు. నలుగురు రాస్తే నాలుగు రెట్లు బాగుండాలి కదా. వీళ్ళు చచ్చి గోడ మీద ఫోటో ఎక్కిన మావగారిని తిరిగి తెచ్చారు. చిన్నకోడలికి కవల అక్కని పుట్టించారు, అదీ ముప్పై ఏళ్ళు నిండాక. పెద్దకోడలు పెట్టుకున్న కుట్టు దుకాణం ఏమైందో ఎవరికీ తెలీదు, ఒక సోమవారం నుంచి అది లేదు, అంతే. చూసేవాళ్ళకి నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదని వాళ్ళ ధైర్యం కాబోలు. రేడియో అక్కకి చెప్పడమే సిగ్గుగా ఉండేది. తను రాసిన చెత్త కాకపోయినా తన నోట్లోంచే రావాలి మరి.

ఇవన్నీ ఒక ఎత్తు, కిందటి వారం తిప్పిన మలుపు ఒక ఎత్తు. మొగుడి తలలో గడ్డ ఉందట. ఆ గడ్డ వల్లే నాలుగేళ్ళూ కొట్టాడట. డాక్టరు తీసేశాడు, వీడు కళ్ళు తెరిచాడు, పెద్దకోడలి పేరు కలవరించాడు. ఇస్త్రీ వదిన తింటున్న డబ్బా మూత పెట్టేసింది. గడ్డ పెళ్ళాన్ని మాత్రమే గుర్తుపట్టిందేం, ఆఫీసులో పై అధికారిని ఒక్కనాడు కొట్టించలేదేం అని అడిగింది. శుక్రవారం ఆఖర్న, పెద్దకోడలు సంచీతో ఆ ఇంటి తలుపు ముందు నిలబడినట్టు చూపించి ఆపేశారు.

ఆ శుక్రవారం కథ చెబుతుంటే రేడియో అక్క గొంతులో ఉప్పూ లేదు, కారమూ లేదు. ఎందుకంటే ఎదురుగా దుప్పటి రెండో అంచు పట్టుకున్నది కొత్తమ్మాయి.

ఏడాదిన్నర అయినా ఆ పిల్లని అందరూ కొత్తమ్మాయనే అంటారు. ఇరవై మూడేళ్ళుంటాయి, మాట తక్కువ, మడత మాత్రం గీత గీసినట్టుంటుంది. నెల కిందట ఒక పొద్దున, చెవి కింద నుంచి మెడ దాకా కమిలిపోయిన మచ్చ మీద రుమాలు చుట్టుకుని పనికొచ్చింది. అడిగితే తలుపు తగిలిందంది. తలుపులు మెడ పట్టుకోవని రేడియో అక్కకి తెలుసు. ఆ సాయంత్రమే మొగుడి ఇంటికి పోకుండా అక్కా బావల దగ్గరికి వెళ్ళిపోయింది. వాళ్ళవి రెండు గదులు. మొదటి వారం బావ బాగానే ఉన్నాడు, రెండో వారం నుంచి ఈమె గదిలోకొస్తే గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. అక్క కూడా ఒకసారి ఆలోచించుకో అంటోంది. ఇక మొగుడు పది రోజులుగా లాండ్రీ గేటు దగ్గరకొచ్చి నిలబడుతున్నాడు. ఏడుస్తున్నాడు. జన్మలో చెయ్యెత్తనంటున్నాడు. సోమవారం నాలుగున్నరకి ఆటో తెస్తాను, సంచీ సర్దుకుని రా అన్నాడు.

దుప్పటి కొసలు అందిస్తూ ఆ పిల్ల అంది, "పెద్దకోడలు ఏం చేస్తుందో చూసి చెప్పు అక్కా. ఆమె వెళ్తే నేనూ వెళ్తాను."

నవ్వుతూనే అంది. రేడియో అక్కకి మాత్రం నవ్వు రాలేదు.

సోమవారం పొద్దున మడతల బల్ల కింద కొత్తమ్మాయి సంచీ ఉంది. పాత నీలం సంచీ, జిప్పు పాడైతే తాడుతో కట్టింది. రేడియో అక్క దాన్ని కాలితో లోపలికి తోసి ఏమీ చూడనట్టు పని మొదలుపెట్టింది. ఒంటిగంట అయ్యేదాకా కాలూ చెయ్యీ ఆడలేదు. ఒక సీరియల్ కోసం ఇంత ఆత్రపడటం చూసి తనకే చిరాకేసింది.

ఒంటిగంటకి భోజనాల గదిలో ఇస్త్రీ వదిన, వ్యాను డ్రైవరు, ఉతికే మెషిన్ల దగ్గర వాళ్ళూ టీవీ ముందు కూర్చున్నారు. తలుపు తెరుచుకుంది. మొగుడు తలకి కట్టుతో నిలబడ్డాడు. పెద్దకోడలు, విరిగిన చేత్తో ఆ ఇంట్లోంచి నడిచి వెళ్ళిన ఆ మనిషే, సంచీ కింద పెట్టి వాడి కాళ్ళ మీద పడింది. "మిమ్మల్ని అర్థం చేసుకోలేకపోయాను, నన్ను క్షమించండి" అంది. వెనకాల వీణ వాయించారు. అత్తగారు కళ్ళు తుడుచుకుంది. మొగుడు క్షమించాడు కూడా, ఎంత పెద్ద మనసో.

ఇస్త్రీ వదిన లేచి వెళ్ళి టీవీ ప్లగ్గు పీకేసింది. రాసినవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేరా అని డ్రైవరు గొణుక్కున్నాడు. రేడియో అక్క కలిపిన ముద్ద డబ్బాలోనే వదిలేసింది. చెత్త రాశారని కాదు, చెత్తకేం, ఏడాదిగా మింగుతూనే ఉంది. కొట్టినవాడు క్షమించడం, తన్నులు తిన్నది క్షమించమనడం, దానికి వీణ. ఛీ, ఇంతకంటే రోత ఆసుపత్రి బట్టల్లో కూడా ఆమెకి తగల్లేదు. డబ్బాలో అన్నం అలాగే పారబోసి, ముఖం కడుక్కుని బల్ల దగ్గరికి నడిచింది.

రెండింటికి అందరూ బల్ల చుట్టూ చేరారు. కొత్తమ్మాయి దుప్పటి అంచు పట్టుకుని ఎదురుగా నిలబడి, ఊఁ, చెప్పు అంది. రేడియో అక్క నోరు తెరిచింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ నోట్లోంచి జరగనిది వచ్చింది.

తలుపు తెరుచుకుందంది. మొగుడు ఏడ్చాడంది. పెద్దకోడలు వాడి ముఖంలోకి చూసి, నీ తలలో గడ్డ పోయింది సరే, నా చెయ్యి విరిగినప్పటి నొప్పి ఏ డాక్టరు తీస్తాడు అని అడిగిందంది. సంచీ ఎత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయిందంది. అబద్ధం అంత తియ్యగా రావడం చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. బల్ల దగ్గర నలుగురూ ఒక్కసారి ఊపిరి వదిలారు. అమ్మయ్య, ఇన్నాళ్ళకి ఒక మంచి ముక్క రాశారని ఒకామె అంది. పక్కనే ఇస్త్రీ వదిన మెషిను పిడి పట్టుకుని ఆగిపోయింది. రేడియో అక్క వైపు చూసింది, తరవాత కొత్తమ్మాయి ముఖం చూసింది, తెరిచిన నోరు మూసుకుని పిడి దించింది. ఆవిరి బుస్సుమని లేచింది.

కొత్తమ్మాయి తరవాతి దుప్పటి దులిపేటప్పుడు గట్టిగా దులిపింది. కాసేపటికి కూనిరాగం కూడా తీసింది. దగ్గరకొచ్చినప్పుడు, ఆటో వెనక్కి పంపించేస్తానని మెల్లిగా చెప్పింది. రేడియో అక్క గుండెల మీంచి బరువు దిగింది. తప్పు చేశానన్న బెంగ లేకపోలేదు, కానీ ఆ నలుగురు రాసినదానికంటే తను రాసిందే నయం కదా అని సరిపెట్టుకుంది.

నాలుగింటికి డ్రైవరు ఉతికిన బట్టల కోసం వచ్చాడు. మూటలు ఎత్తుతూ ఊరుకున్నాడా, లేదు. అతనికింకా ఆ మంట చల్లారలేదు. "ఇక నేను ఆ సీరియల్ మొహం చూడను వదినా. కాళ్ళ మీద పడ్డం ఏమిటి అసలు? తన్నులు తిన్నది ఆవిడ, క్షమించమంది కూడా ఆవిడేనా?"

ఇస్త్రీ వదిన అతని కాలు తొక్కింది గానీ ఆలస్యమైపోయింది.

కొత్తమ్మాయి చేతుల్లోంచి దుప్పటి జారిపోయింది. నేల తాకిన దుప్పటి మళ్ళీ ఉతుక్కి పోవాలి, అందుకే ఏడాదిన్నరలో ఆ పిల్ల ఒక్కటి కూడా జారవిడవలేదు. దాన్ని చూడను కూడా చూడలేదు ఇప్పుడు. రేడియో అక్కనే చూస్తోంది. బల్ల దగ్గర మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. డ్రైవరు, తనేం తప్పు చేశాడో తెలీకపోయినా, ఏదో చేశానని తెలిసి మూట భుజాన వేసుకుని జారుకున్నాడు.

రేడియో అక్క వంగి దుప్పటి తీసి మాసిన బట్టల బుట్టలో వేసింది. ఇంకో దుప్పటి తీసి ఒక అంచు ఆ పిల్ల చేతిలో పెట్టింది. వ్యాను కదిలేలోగా ఇంకా ఇరవై మడవాలి. పిల్ల పట్టుకుంది గానీ చేతుల్లో జీవం లేదు. ఇద్దరూ దులిపారు, మడిచారు, దగ్గరకొచ్చారు.

"వెళ్ళిందా?" అంది కొత్తమ్మాయి.

"వెళ్ళింది. కాళ్ళ మీద పడింది."

దూరం జరిగారు. మళ్ళీ దగ్గరకొచ్చేసరికి పిల్ల కళ్ళు నిండిపోయాయి. అబద్ధం చెప్పినందుకు కోపమో, పెద్దకోడలు వెళ్ళినందుకు దిగులో తెలీలేదు. మెల్లిగా, నిష్ఠూరంగా అడిగింది. ఆ రాసేవాళ్ళలాగే నువ్వూ నన్ను ఏం చెప్పినా నమ్మేదాన్ననుకున్నావు కదా అక్కా, ఒక ముక్క మార్చి చెబితే నా బతుకు మారుతుందనుకున్నావు. తనకి తెలిసిన ఆడవాళ్ళందరూ వెనక్కి వెళ్ళినవాళ్ళేనంది. వెళ్ళనిది టీవీలో ఆవిడ ఒక్కతే, ఇప్పుడు ఆవిడా వెళ్ళింది, ఇంక నేనెంత అంది.

రేడియో అక్క తలెత్తి చూసింది. గోడ మీద గడియారం నాలుగూ పది దాటింది. ఆమె దుప్పటి దులిపింది, మడిచింది, దగ్గరకొచ్చింది. చెప్పాల్సిందంతా దగ్గరకొచ్చినప్పుడే చెప్పింది, ముక్కలు ముక్కలుగా, ఒక్కో దుప్పటికి ఒక్కో మాట.

"నేనూ వెళ్ళాను."

దూరం జరిగారు. దగ్గరకొచ్చారు.

"నీ ఈడే నాకు. ఆయనా ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నాటకం కాదు."

ఇంకో దుప్పటి.

"పంతొమ్మిది రోజులు బంగారంలా చూసుకున్నాడు. నా తల కూడా దువ్వాడు."

కొత్తమ్మాయి ఈసారి దూరం జరగలేదు. కొసలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఇరవయ్యో రోజు ఏమైందని అడిగింది.

రేడియో అక్క తన కుడి చెవి మీద చెయ్యి పెట్టింది. "ఇది వినపడదు నాకు. మెషిన్ల మోతకి పోయిందని ఇక్కడ అందరికీ చెప్పాను. ఇక్కడ చేరేటప్పటికే పోయింది. కూరలో ఉప్పు ఎక్కువైందని కొట్టాడు. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు ఉన్నాను, ఆయన పోయేదాకా."

ఎనిమిదేళ్ళుగా వందల మంది కథలు చెప్పిన నోటికి తన కథ చెప్పడానికి నాలుగు దుప్పట్లు చాలాయి. ఉప్పూ కారం ఏమీ వెయ్యలేదు. ఇస్త్రీ వదిన మెషిను ఎప్పుడు ఆపేసిందో ఎవరూ గమనించలేదు. రేడియో అక్కకి తన మీద తనకే అసహ్యం పుట్టింది. మధ్యాహ్నం నుంచి ఆ రాసినవాళ్ళని తిడుతోందా, ఇంతకీ తను కూడా నోరు మూసుకుని వాళ్ళ కథనే నడిపింది. చెవి పోతే మెషిను మీద పెట్టింది. వాళ్ళు గడ్డ మీద పెట్టారు. తేడా ఏముంది?

"వెళ్ళకు" అంది చివరికి. "పెద్దకోడలి సంగతి నాకొద్దు. నేను చెబుతున్నాను, వెళ్ళకు. నా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. మీ బావ గొంతు అక్కడిదాకా వినపడదు."

నాలుగున్నరకి గంట కొట్టారు. కొత్తమ్మాయి బల్ల కింద నుంచి సంచీ తీసుకుంది. గేటు వైపు నడుస్తుంటే రేడియో అక్క వెనకాలే వెళ్ళింది, పిలవకపోయినా.

గేటు బయట ఆటో ఉంది. పక్కన మొగుడు, ఇస్త్రీ చొక్కాతో, నీట్‌గా గడ్డం గీసుకుని. సంచీ చూడగానే ముఖం వెలిగింది, సంచీ అందుకోబోయాడు. పిల్ల ఇవ్వలేదు. రానంది. గొంతు పీలగా వచ్చింది గానీ మాట మాత్రం స్పష్టంగానే వచ్చింది. అతను కన్నీళ్ళు పెట్టుకున్నాడు, బతిమాలాడు. పిల్ల మళ్ళీ రానంది. మూడోసారి అనేసరికి, చెంపల మీద తడి ఆరకుండానే అతని ముఖం మారిపోయింది. పిల్ల మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవరు నేర్పారే నీకు ఈ మాటలు?"

ఇదే ప్రశ్న ముప్పై ఏళ్ళ కిందట రేడియో అక్కనీ ఆమె మొగుడు అడిగాడు. అప్పుడు గదిలో కన్నతల్లి ఉంది, అన్న ఉన్నాడు, వదిన ఉంది. అందరూ నేల చూశారు.

"నేను నేర్పాను" అంది రేడియో అక్క. "చెయ్యి వదులు."

పని దిగి వస్తున్నవాళ్ళందరూ గేటు దగ్గర ఆగిపోయారు. ఇస్త్రీ వదిన ముందుకొచ్చి రేడియో అక్క పక్కన నిలబడింది. డ్రైవరు వ్యాను దిగాడు. మొగుడు చుట్టూ చూసి చెయ్యి వదిలాడు, ముసల్దానా అన్నాడు, ఇంకేదో కూడా అన్నాడు గానీ అది కుడి వైపు నుంచి వచ్చింది, ఆమెకి వినపడలేదు. ఆటో వెళ్ళిపోయింది.

వెళ్ళాక ఇద్దరూ గేటు పక్కన మోకాలెత్తు గోడ ఉంటే దాని మీద కూలబడ్డారు. ఒక బస్సు వచ్చి వెళ్ళింది, ఇంకోటి కూడా వచ్చి వెళ్ళింది. కొత్తమ్మాయి మణికట్టు రుద్దుకుంటూ, ఆ ఎర్ర గుర్తులకేసి చూస్తూ అడిగింది.

"అప్పుడు నీకెవరైనా చెప్పుంటే ఆగిపోయేదానివా అక్కా?"

రేడియో అక్క ఆ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఏమో. ఆగేదాన్ని కాదేమో" అంది. "కానీ ఒక్కళ్ళు చెప్పుంటే బాగుండేది."